సరిహద్దుకు సద్దిమూట: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

యుద్ధం పొంచి ఉన్న చోట్ల, దారులు తెగిపోయే చోట్ల ఉన్న సైనికులకు తిండి ఎట్లా చేరుతుంది, దాని మీద ఏ పరిశోధన జరుగుతోంది అని పోయిన నెల రాసిన వ్యాసానికి ఉత్తరాలు బాగానే వచ్చాయి. ఒకే తీరు ప్రశ్నల్ని కలిపేసి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: రోడ్డుంటే లారీలో పోతుంది, లేకుంటే హెలికాప్టర్‌లో పోతుంది. ఇందులో అంత పరిశోధించడానికి ఏముంది?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: లారీ పోయినంత దూరం పెద్దగా ఏమీ లేదు, నిజమే. చిక్కంతా లారీ ఆగిన చోట మొదలవుతుంది. లద్దాఖ్ సంగతే చూడండి. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే దారిలో జోజిలా కనుమ సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉంది. చలికాలంలో మంచు కూరుకుంటే బండి కదలదు. మనాలి వైపు 2020 అక్టోబరులో 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్‌తాంగ్ కనుమ గండం తప్పింది గానీ, దాని అవతల అంతకంటే ఎత్తయిన కనుమలున్నాయి. అందుకే దారి తెరిచి ఉన్న నెలల్లోనే చలికాలానికంతా సరిపడా బియ్యం, పిండి, పప్పు, నూనె, కిరోసిన్ పైకి ఎక్కించి నిల్వ పెడతారు. సైన్యంలో దీన్ని అడ్వాన్స్ వింటర్ స్టాకింగ్ అంటారు. ఈ బాధ్యత ఆర్మీ సర్వీస్ కోర్‌ది. పెద్ద గోదాము నుంచి ముందు వరుసకు మళ్లీ లారీ, ఆపైన కంచర గాడిదలు, ఆఖరుకు మనిషి వీపు. వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఆఖరి పది కిలోమీటర్లే అన్నిటికన్నా ఖరీదు.

ఇప్పుడు దీనికి శత్రువు చూపు తోడైంది. డ్రోన్లు ఆకాశంలో తిరుగుతుంటే ఒకే పెద్ద గోదాము, ఒకే వరుసలో నడిచే యాభై లారీలు రెండూ గురిపెట్టడానికి సులువు. ఉక్రెయిన్‌లో ముందు కందకాల దాకా లారీ పోలేక, బరువులెత్తే డ్రోన్లతో నీళ్లు, తిండి దింపుతున్నారు. కాబట్టి ప్రశ్న మారింది: నిల్వను ఎన్ని ముక్కలు చేసి ఎక్కడెక్కడ దాచాలి, మోసే బరువులో ఎంత తగ్గించవచ్చు, వారం పాటు ఏమీ రాకపోతే ఆ పోస్టు దేనితో నిలబడుతుంది?

చరిత్ర చూస్తే ఇది కొత్త గండం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో మెసపొటేమియాలోని కుట్ పట్టణంలో బ్రిటిష్–ఇండియన్ సేన 1915 డిసెంబరు నుంచి ముట్టడిలో ఇరుక్కుంది. చివరి రోజుల్లో విమానాల నుంచి ఆహారం జారవిడిచారు. అట్లా చేయడం ప్రపంచంలో దాదాపు అదే మొదలు. అయినా చాలక 1916 ఏప్రిల్ 29న లొంగిపోయారు. ఆ ముట్టడిలో గమనించదగ్గ సంగతి ఇంకోటుంది. తెల్ల రొట్టె తిన్న బ్రిటిష్ సైనికులకు బెరిబెరి అనే విటమిన్ లోపపు జబ్బు వచ్చింది. పొట్టు ఉన్న గోధుమపిండి తిన్న భారతీయులు దాని నుంచి తప్పించుకున్నారు గానీ, కూరగాయలు లేక, గుర్రపు మాంసం ముట్టక విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ బారిన పడ్డారు. గోదాములో ఎన్ని టన్నులుందన్న లెక్క ఒక్కటే చాలదని అప్పుడే తేలింది.

మనవైపు చెప్పుకోదగ్గది పూంచ్. 1947–48లో చుట్టూ ముట్టడిలో ఉన్న ఆ పట్టణానికి డకోటా విమానాలతో సరుకు దింపారు. 1948 నవంబరులో దారి కలిసేదాకా అదే ఆధారం. దానికి ఎదురు ఉదాహరణ స్టాలిన్‌గ్రాడ్: చిక్కుకున్న జర్మన్ సేనకు రోజుకు కనీసం 300 టన్నులు కావాల్సి ఉంటే, విమానాలు సగటున చేర్చింది నూరు టన్నులకు కాస్త అటూ ఇటూ.

ప్రశ్న: మా అబ్బాయి లేహ్ దగ్గర్లో ఉన్నాడు. కుక్కర్ పెట్టినా కందిపప్పు సరిగా ఉడకదంటాడు. కుక్కర్‌లో కూడా ఎందుకు ఉడకదు?
– గృహిణి, కరీంనగర్

జవాబు: కుక్కర్ వెయిట్ పని తీరు తెలిస్తే అర్థమవుతుంది. ఆ వెయిట్ బయటి గాలి పీడనం మీద అదనంగా ఇంకో ఒక బార్ (పీడనం కొలత) వరకు మాత్రమే ఆవిరిని ఆపుతుంది. కరీంనగర్‌లో బయట దాదాపు ఒక బార్, లోపల అదనంగా ఒకటి, మొత్తం రెండు. కాబట్టి లోపల 120 డిగ్రీలు. లేహ్ ఉన్న 3,500 మీటర్ల ఎత్తులో బయట 0.65 బారే. మొత్తం 1.65, అంటే 114 డిగ్రీలు. 5,500 మీటర్ల పోస్టులో బయటి పీడనం సగమే, కుక్కర్ లోపల 111 దాటదు. మూత లేని గిన్నె సంగతి చెప్పనే అక్కర్లేదు: లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీలకే మరుగుతాయి, 5,500 మీటర్ల దగ్గర 82కే. మంట ఎంత పెంచినా నీళ్లు తొందరగా ఆవిరవుతాయే తప్ప వేడెక్కవు.

బియ్యం ఆ వేడికి కూడా మెత్తబడుతుంది, పిండిపదార్థం 65–75 డిగ్రీల మధ్యే ఉబ్బుతుంది గనక. పప్పులో గింజ కణాల్ని అంటిపెట్టుకున్న పెక్టిన్ కరగాలి. దానికి అంతకంటే వేడి కావాలి. నీటిలో కాల్షియం ఎక్కువైతే ఇంకా మొండికేస్తుంది. చేయవలసినవి: పప్పును రాత్రంతా నానబెట్టాలి, అదీ గడ్డకట్టని చోట. చింతపండు ఉడికాకే వేయాలి. కందికి బదులు పెసర, మసూర్ వాడితే కిరోసిన్ మిగులుతుంది. కందే కావాలంటే ముందే వేయించి బరకగా పట్టిన పప్పు పంపండి, సగం సమయంలో అవుతుంది. చిటికెడు వంటసోడా వేసే అలవాటు కొందరికి ఉంది. పప్పు మెత్తబడుతుంది గానీ బి1 విటమిన్ పోతుంది. పైన చెప్పిన బెరిబెరి ఆ విటమిన్ లోపమే. రోజూ చేసే వంటలో అది వద్దు.

ఇంకో మాట. చలికి కుక్కర్ రబ్బరు బిగుసుకుని ఆవిరి పక్కనుంచి పోతుంది. మూత పెట్టే ముందు దాన్ని గోరువెచ్చటి నీళ్లలో వేసి తీయమనండి.

ప్రశ్న: సంక్రాంతికి సకినాలు చేసి లద్దాఖ్‌లో ఉన్న కొడుక్కి పంపిస్తే చేరేసరికి పిండి పిండి అయింది, పాత నూనె వాసన కూడా వచ్చిందట. పాడవకుండా పంపే దారి చెప్పండి.
– జనగామ నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ సకినాలకు వచ్చిన రెండు తిప్పలూ సైన్యం రేషన్ తయారుచేసేవాళ్లకు వచ్చేవే. వాసన గాలిలోని ఆక్సిజన్ వల్ల, పిండి కావడం ప్యాకింగ్ వల్ల.

ముందు వాసన. కొత్త నూనెలో వేయించాలి. అప్పాలు వేయించిన నూనెలోనే చివర్న సకినాలు వేస్తే పాడవడం వేసిన రోజే మొదలైనట్టు. పల్లి నూనె ఫరవాలేదు, పొద్దుతిరుగుడు నూనె తొందరగా చెడుతుంది. సకినం చుట్టాక గుడ్డ మీద పైతడి ఆరనివ్వండి, సన్నటి సెగ మీద బుడగలు పూర్తిగా ఆగేదాకా వేయించండి. బుడగ ఆగిందంటే నీరు పోయిందని అర్థం. రంగు వచ్చింది కదా అని ముందే తీస్తే మధ్య చుట్టులో తడి మిగిలి నాలుగు రోజులకే మెత్తబడుతుంది. తీశాక కాగితం మీద నూనె వాడ్చి, పూర్తిగా చల్లారాకే మూట కట్టాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు కడితే లోపలి ఆవిరి అక్కడే నీరవుతుంది.

తర్వాత కవరు. మామూలు పాలిథిన్ సంచి నీటిని ఆపుతుంది గానీ ఆక్సిజన్‌ను ఆపదు. అల్యూమినియం పొర ఉన్న కవరు తీసుకోండి, వెండి రంగు పూత మాత్రమే ఉన్నది కాదు. వెలుతురుకు ఎత్తి పడితే అవతలిది కనపడకూడదు. లోపల ఆక్సిజన్ పీల్చే చిన్న పొట్లం వేయండి. అందులో ఇనుప పొడి ఉంటుంది, తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం కాబట్టి, కవరులో లీటరు ఖాళీ గాలి ఉంటే 210 మిల్లీలీటర్లు. దానికి 300 సీసీ (మిల్లీలీటర్ల) పొట్లం ఒకటి చాలు. పొట్లాల సంచి తెరిచాక పది, పదిహేను నిమిషాల్లో వాడేసి మిగతావి మళ్లీ బిగించాలి. లేకపోతే మీ వంటింటి గాలినే పీల్చి అయిపోతాయి.

ఇక పిండి కావడం. జనగామలో నిండుగా గాలి ఉంచి అతికించిన కవరు లేహ్ చేరేసరికి ఒకటిన్నర రెట్లు ఉబ్బాలని చూస్తుంది, బయటి గాలి పలచన గనక. కొండెక్కిన చిప్స్ ప్యాకెట్ ఉబ్బేది ఇందుకే. బిగుతుగా ఉంటే అతుకు ఊడుతుంది. ఇంట్లో వ్యాక్యూమ్ మిషన్‌తో గాలంతా లాగేస్తే కవరే సకినాల్ని నొక్కి విరగ్గొడుతుంది. రెండూ కాక, కవరులో పావు వంతు వదులు ఉంచండి. సకినాలను ఒకదానిపై ఒకటి దొంతరగా పేర్చి, గట్టి గుండ్రటి డబ్బాలో నిలబెట్టి, సందుల్లో వేయించిన మరమరాలు నింపండి. వాటినీ తినవచ్చు. డబ్బాను కవరులో పెట్టి అతికించాలి. డబ్బా ఊపితే చప్పుడు రాకూడదు. చప్పుడు వస్తే ఇంకో పిడికెడు మరమరాలు.

చిరునామా మీద సైనికుడి నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, 56 ఏపీఓ (సైన్యం పోస్టాఫీసు) లేదా అతను చెప్పిన ఏపీఓ రాస్తే చాలు. ఊరి పేరు, పోస్టు పేరు రాయొద్దు. చేరేందుకు నెల పడుతుందనుకుని చేయండి. మామిడికాయ పచ్చడి సీసాలో మాత్రం పంపకండి. చలికి నూనె గడ్డకట్టి, ఒత్తిడి తేడాకు మూత వదులై పక్కవాళ్ల ఉత్తరాలన్నీ ఎర్రబడతాయి.

ప్రశ్న: మాది మహిళా సంఘం. పప్పు, కూరలు రిటార్ట్ పౌచ్‌లలో (ఒత్తిడిలో వేడిచేసి క్రిములు చంపే సంచుల్లో) ప్యాక్ చేసి సైన్యానికి అమ్మాలని ఉంది. పెద్ద కుక్కర్‌తో మొదలుపెట్టవచ్చా?
– పరకాల

జవాబు: కుక్కర్‌తో వద్దు. ఈ ఒక్క మాట మీద గట్టిగా ఉంటాం, కారణాలు వివరంగా చెబుతాం.

మైసూరులో 1961లో డిఫెన్స్ ఫుడ్ రీసెర్చ్ ల్యాబొరేటరీ మొదలైంది, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కింద. గది వేడిలో నెలల తరబడి నిలిచే పులావు, కూరలు, చపాతీలు అక్కడ తయారైన పద్ధతులే. పరిశ్రమలకు ఆ పరిజ్ఞానాన్ని రుసుము మీద ఇస్తారు. సరైన దారి అది.

పౌచ్ అంటే ఒక్క ప్లాస్టిక్ పొర కాదు. పైన 12 మైక్రాన్ల పాలియెస్టర్, మధ్య 9–12 మైక్రాన్ల అల్యూమినియం రేకు, లోపల 70 మైక్రాన్ల పైచిలుకు పాలిప్రొపిలిన్. కొన్నిటిలో గుచ్చుకోకుండా నైలాన్ పొర కూడా. పాలియెస్టర్ బలానికి, రేకు గాలీ వెలుతురూ ఆపడానికి, పాలిప్రొపిలిన్ అతుకు పడటానికి. పాలిథిన్ ఎందుకు కాదంటే 121 డిగ్రీలకు అది మెత్తబడిపోతుంది.

పని వరుస ఇది. కూరను ముప్పాతిక వంతే ఉడికించాలి, మిగతాది పౌచ్‌లో ఉడుకుతుంది. 300 గ్రాములు నింపాలి, పౌచ్ మందం రెండు, రెండున్నర సెంటీమీటర్లు దాటకూడదు. మూతి దగ్గర చుక్క నూనె గానీ, కొత్తిమీర ఆకు గానీ అంటకూడదు. ఎక్కువ పౌచ్‌లు ఫెయిలయ్యేది ఇక్కడే. అతుకు చూడటానికి బాగానే ఉంటుంది, వెంట్రుకవాసి సందులోంచి తర్వాత క్రిములు దూరతాయి. లోపలి గాలి తీసేసి 8–10 మిల్లీమీటర్ల వెడల్పు అతుకు వేయాలి. తట్టల్లో ఒక్క పొరగా పరచాలి, ఒకదాని మీద ఒకటి పడితే మధ్యది పచ్చిగా మిగులుతుంది. రిటార్ట్ అనే ఆవిరి పాత్రలో 121 డిగ్రీలకు తేవాలి. పౌచ్ నడిమధ్యలో, అన్నిటికన్నా ఆలస్యంగా వేడెక్కే చోట, ఉష్ణోగ్రత తీగ పెట్టి చదవాలి. పైన గడియారం చూసి కాదు.

లక్ష్యం క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే క్రిమి స్పోర్లు, అంటే వేడికి తట్టుకునే దాని బీజాలు. పులుపు తక్కువున్న తిండిలో, అంటే పీహెచ్ 4.6 దాటిన వాటిలో, గాలి లేని చోట ఇవి మొలకెత్తి ప్రాణాంతకమైన విషం చేస్తాయి. రంగు, వాసన మారకపోవచ్చు. 121 డిగ్రీల వద్ద కనీసం 3 నిమిషాలకు సమానమైన వేడి నడిమధ్యకు తగలాలి. ఆచరణలో 5 నుంచి 8 పెట్టుకుంటారు. పది డిగ్రీలు తగ్గితే అదే పనికి పది రెట్ల సమయం కావాలి. 111 డిగ్రీలకు 3 నిమిషాల పని 30 నిమిషాలవుతుంది. కుక్కర్‌లో ఆ కొలతే తెలియదు.

రెండో కారణం చల్లార్చడం. ఆవిరి తగ్గగానే బయటి ఒత్తిడి పడిపోతుంది, పౌచ్ లోపల మాత్రం ఇంకా 115 డిగ్రీలుంటుంది. లోపలి ఆవిరి అతుకును చీల్చేస్తుంది. అందుకని రిటార్ట్‌లో చల్లార్చేటప్పుడు గాలి పంపుతో ఒత్తిడి నిలబెడతారు. క్లోరిన్ కలిపిన నీళ్లతో 40 డిగ్రీల దగ్గరికి దించాకే తలుపు తీస్తారు. మామూలు బోరు నీళ్లతో చల్లారిస్తే, వేడికి సాగి ఉన్న అతుకులోంచి ఆ నీటి క్రిములే లోపలికి పోవచ్చు. తర్వాత ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని తీసి 37 డిగ్రీల వద్ద 14 రోజులు ఉంచి, ఉబ్బాయా, పీహెచ్ మారిందా చూస్తారు.

సైన్యం కొనుగోళ్లు టెండర్ల మీద, రక్షణ శాఖ ఆహార ప్రమాణాల ప్రకారం జరుగుతాయి. సరుకును ప్రయోగశాలలో పరీక్షించి తీసుకుంటారు. మొదటి ఏడాదే అక్కడికి పోవాలనుకోకండి. చింతపండు పులుపు గట్టిగా ఉన్న పులిహోర పేస్టు, నువ్వుల లడ్డూ, వేయించిన జొన్న అటుకుల మిశ్రమం వంటివాటికి రిటార్ట్ అక్కర్లేదు, బొటులినమ్ భయం దాదాపు లేదు. పులిహోర పేస్టుకు మాత్రం ప్రతి బ్యాచ్‌కూ పీహెచ్ మీటరుతో కొలవాలి, నాలుకతో కాదు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ తీసుకుని, వరంగల్, కరీంనగర్ దుకాణాల్లో ఒక ఏడాది అమ్మి చూడండి.

ప్రశ్న: సైన్యంలో ఇప్పుడు జొన్నలు తింటున్నారట, నిజమేనా? మా జొన్న వాళ్లు కొంటారా?
– రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: నిజమే. 2023 మార్చిలో సైన్యం సజ్జ, జొన్న, రాగి పిండిని రేషన్‌లోకి తిరిగి తెచ్చింది. బియ్యం, గోధుమపిండికి ఉన్న కోటాలో 25 శాతానికి మించకుండా. కొనేది పిండి, గింజలు కాదు. అదీ నాణ్యత ప్రమాణాల ప్రకారం. విడి రైతు నేరుగా అమ్మే వీలు తక్కువ, ఉత్పత్తిదారుల సంఘంగా మిల్లుతో కలిస్తేనే. నిల్వలో అసలు సమస్య గింజ మొలకలో ఉండే కొవ్వు. పిండి పట్టగానే అది గాలికి చేదెక్కుతుంది. సజ్జపిండి మరీ తొందరగా. పట్టే ముందు గింజలకు ఆవిరి పట్టి ఆరబెడితే కొవ్వును విరిచే ఎంజైమ్ చచ్చి పిండి నెలలు నిలుస్తుంది. మిల్లుకు ఈ సౌకర్యం ఉందా అని ముందు అడగండి.

ప్రశ్న: మంట లేకుండా నీళ్లు పోస్తే వేడెక్కే సైనిక భోజనం ప్యాకెట్లు ఆన్‌లైన్‌లో చూశాం. గనిలోకి సద్దికి బదులు తీసుకుపోవచ్చా?
– సింగరేణి కార్మికుడు, మందమర్రి

జవాబు: భూగర్భ గనిలోకి ఎట్టి పరిస్థితుల్లో వద్దు. ఆ పొట్లంలో ఉండేది మెగ్నీషియం, ఇనుము, ఉప్పు. నీరు తగలగానే మెగ్నీషియం హైడ్రాక్సైడ్‌గా మారుతూ వేడి ఇస్తుంది. గ్రాముకు దాదాపు 14 కిలోజౌళ్లు. ముప్పై మిల్లీలీటర్ల నీళ్లతో పావు కిలో కూర పది, పన్నెండు నిమిషాల్లో 50 డిగ్రీల పైచిలుకు వేడెక్కుతుంది. బాగానే ఉంది. కానీ అదే చర్యలో గ్రాము మెగ్నీషియానికి లీటరు హైడ్రోజన్ వస్తుంది. హైడ్రోజన్ గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది. మీథేన్ ఉన్న చోట, బీడీ, అగ్గిపెట్టె కోసం జేబులు తడిమి పంపే చోట, దాని పని ఏముంది? సైన్యంలో కూడా మూసిన గుడారంలో, ట్యాంకు లోపల, వెలిగించిన స్టవ్ పక్కన ఇది వాడొద్దనే చెబుతారు. రైలు, విమానం లగేజీలో కూడా పెట్టకండి.

ప్రశ్న: సైనికులు ఏడాది పొడుగునా ఈ ప్యాకెట్లే తింటారా?
– ఆదిలాబాద్

జవాబు: లేదు. యూనిట్ ఉన్న చోట లంగర్‌లో (సైన్యం వంటశాలలో) వండిన వేడి అన్నం, రొట్టె, పప్పు, కూరే. ప్యాకెట్లు గస్తీకి, దాడికి, పొయ్యి వెలిగించలేని పోస్టుకు. ట్యాంకు సిబ్బందికి వేరు, ప్రాణాపాయంలో చిక్కుకున్నవాళ్లకు వేరు ప్యాకెట్లు ఉన్నాయి. తాజా కూరగాయల కోసం లేహ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డిహార్ గ్రీన్‌హౌస్ సాగును దశాబ్దాలుగా వృద్ధి చేస్తోంది. అక్కడే పండిన క్యాబేజీ లారీ ఎక్కక్కర్లేదు.

ప్రశ్న: విమానం నుంచి బియ్యం బస్తాలు పారాచూట్ లేకుండా కూడా వేస్తారట. పగలవా?
– పెద్దపల్లి

జవాబు: బియ్యం, పప్పు, ఉప్పు అట్లా వేయవచ్చు. కిటుకు బస్తాలో ఉంది. లోపలి సంచి నిండా నింపరు, దాన్ని అంతకంటే పెద్ద సంచిలో, కొన్నిసార్లు మూడో సంచిలో పెట్టి వదులుగా కుడతారు. నేలకు తాకగానే లోపలిది పగిలినా గింజలు బయటి సంచిలో సర్దుకుంటాయి. బిగుతుగా కుట్టిన ఒక్క సంచి మాత్రం పేలిపోతుంది. నూనె, గుడ్లు, మందులకు పారాచూట్ తప్పదు.

పారాచూట్‌తో వచ్చే చిక్కు గాలి. సెకనుకు 6–7 మీటర్ల వేగంతో దిగే మూటను 300 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 45 సెకన్లు పడుతుంది. సెకనుకు 10 మీటర్ల గాలి ఉంటే అది 450 మీటర్లు పక్కకు పోతుంది. మైదానంలో నడిచిపోయి తెచ్చుకోవచ్చు. కొండల్లో అది గుట్ట అవతల పడుతుంది, అవతల ఎవరున్నారన్నది వేరే సంగతి. ఎత్తు పెరిగితే ఇంకో దెబ్బ: 5,500 మీటర్ల దగ్గర గాలి సాంద్రత 57 శాతానికి పడిపోతుంది. అదే పారాచూట్ మూడో వంతు ఎక్కువ వేగంతో దిగుతుంది, నేలకు తగిలే శక్తి ముప్పాతిక వంతు పెరుగుతుంది. మైదానంలో పరీక్షించిన ప్యాకింగ్ పైన పగలడానికి కారణం ఇదే. అడుగున మందపాటి తేనెపట్టు అట్ట పెట్టి అది నలిగేలా చేస్తారు. ఆగ్రాలోని డీఆర్‌డీఓ సంస్థ ఏడీఆర్‌డీఈ, 500 కిలోల దాకా బరువును ఉపగ్రహ సంకేతాలతో తానే దారి చూసుకుని దింపే పారాచూట్ చేసి, 2021 డిసెంబరులో ఏఎన్-32 విమానం నుంచి చూపించింది. ఎక్కువ ఎత్తు నుంచి, గురికి దూరంగా వదలొచ్చు, కాబట్టి విమానం తుపాకులకు అందదు. శత్రువు ఆ సంకేతాల్ని జామ్ చేస్తే ఏం చేయాలన్నది మిగిలిన పని.

ప్రశ్న: ఈ రంగంలో చివరి ఏడాది ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాం. మంచి అంశం చెప్పండి.
– ఇంజినీరింగ్ విద్యార్థులు, కాజీపేట

జవాబు: డ్రోన్ చేస్తామని అందరూ వస్తారు. అది వదిలేయండి. నీళ్ల లెక్కతో మొదలుపెట్టండి.

మంచు పోస్టులో తాగునీరంటే కరిగించిన మంచు. మైనస్ 20 డిగ్రీల మంచు కిలోను సున్నాకు తేవడానికి 42 కిలోజౌళ్లు, కరిగించడానికి 334, అక్కడి మరుగు స్థానం 82కు తేవడానికి సుమారు 343. మొత్తం 720. లీటరు కిరోసిన్‌లో దాదాపు 35,000 కిలోజౌళ్లున్నా, గాలికి ఊగే స్టవ్ 30 శాతం అందిస్తే 10,500. అంటే లీటరు నీళ్లకు 70 మిల్లీలీటర్ల కిరోసిన్. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల నీళ్లు కావాలంటే మూడు వందల మిల్లీలీటర్ల కిరోసిన్. పది మంది, వంద రోజులు: 300 లీటర్లు. అన్నీ వీపు మీద.

ఇప్పుడు ఫ్రీజ్‌డ్రై తిండిని చూడండి. గడ్డకట్టించి, 6 మిల్లీబార్ల లోపు శూన్యంలో మంచును నేరుగా ఆవిరి చేసి ఆరబెట్టింది. వంద గ్రాముల పులావుకు 300 మిల్లీలీటర్ల వేడినీళ్లు, అంటే ఇంకో 20 మిల్లీలీటర్ల కిరోసిన్. మొత్తం 116 గ్రాముల బరువు. అదే రిటార్ట్ పౌచ్ అయితే 400 గ్రాములు, వేడి చేయడానికి కాస్త ఇంధనం. మంచు ఉన్న చోట ఫ్రీజ్‌డ్రై గెలిచింది. రాజస్థాన్ ఎడారిలో ఆ 300 మిల్లీలీటర్ల నీళ్లను కూడా మోసుకుపోవాలి, అప్పుడు లాభం పోయింది. పైగా స్టవ్ ఎంతసేపు వెలిగితే వేడిని పసిగట్టే థర్మల్ కెమెరాకు పోస్టు అంతసేపు కనిపిస్తుంది. గ్రాములు, మిల్లీలీటర్లు, స్టవ్ వెలిగిన నిమిషాలు మూడింటినీ కలిపి ప్రాంతాన్ని బట్టి ఏ రేషన్ మేలో చెప్పే చిన్న ప్రోగ్రాం రాయండి. ఉపయోగం ఉంటుంది.

ఇంకో వైపు ఆకలి. ఎత్తులో పనిచేసే సైనికుడికి రోజుకు 4,000 కేలరీల పైన కావాలి, అక్కడే ఆకలి చచ్చిపోతుంది. కొవ్వు గ్రాముకు 9 కేలరీలిస్తుంది, మోయడానికి సుఖం. కానీ ఒక లీటరు ఆక్సిజన్‌కు పిండిపదార్థం నుంచి 5.0 కేలరీలొస్తే కొవ్వు నుంచి 4.7 మాత్రమే. ఆక్సిజనే కరువైన చోట అది తేడానే. నూనె ఓడే పరోటాను చూస్తే మొహం తిప్పేస్తారు. ప్యాకెట్ మీద అచ్చేసిన కేలరీలతో సంబరపడే నివేదికలు చాలా ఉంటాయి. తిరిగొచ్చిన ప్యాకెట్లలో ఎంత మిగిలిందో తూకం వేసి చూపేవి తక్కువ. పౌష్టికాహారం చదివేవాళ్లు మీతో కలిస్తే, ఎన్‌సీసీ క్యాంపుల్లో వారం పాటు ఒకే మెనూ పెట్టి మిగులు తూచి చూడవచ్చు. మూడో రోజు తర్వాత ఏ పదార్థం వదిలేస్తున్నారో అదే మీ ఫలితం.

ల్యాబ్‌లో చేయదగ్గది కావాలంటే: బజారులో దొరికే రిటార్ట్ పప్పు పౌచ్‌లు ఇరవై తీసుకోండి. పదింటిని రాత్రి మైనస్ 20 డీప్ ఫ్రీజర్‌లో, పగలు గది వేడిలో ఉంచండి. పది విడతలు తిప్పండి. మిగతా పది గది వేడిలోనే. ఆ తర్వాత రెండు జట్లనూ మీటరు ఎత్తు నుంచి మూలల మీద పడేలా వదలండి. లోపలిది ఖాళీ చేసి, కడిగి ఆరబెట్టి, మూలల్లో రంగునీళ్లు పోసి గంట ఉంచండి. బయట తెల్ల కాగితం మీద మరక పడితే రేకు చిల్లిపడినట్టు. పగుళ్లు అతుకులో వస్తున్నాయా, మడత మూలల్లో వస్తున్నాయా విడిగా రాసుకోండి. అతుకులో అయితే అది మిషన్ దిద్దుకోవాల్సిన తప్పు, మూలల్లో అయితే పౌచ్ ఆకారాన్నే మార్చాలి.